పట్టా సేద్యం చేయదు

రైతుకు ప్రభుత్వం ఇచ్చే సొమ్ము మధ్యలో ఎవరి చేతిలోనూ పడకుండా నేరుగా బ్యాంకు ఖాతాకు చేరితే, అది చేరవలసినవారికి చేరినట్టేనన్న అభిప్రాయం ఇటీవలి కాలంలో దేశమంతటా దాదాపు ఎదురులేని సిద్ధాంతంగా స్థిరపడింది. 2019 ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో ప్రారంభించి, 2018 డిసెంబరు 1 నుంచే వర్తింపజేసిన ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి ఈ సిద్ధాంతానికి నిలువెత్తు రూపం. సాగుభూమి ఉన్న ప్రతి కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలను మూడు సమాన విడతలుగా ఇచ్చే ఈ పథకంలో దళారీ లేడు, ఆఫీసు చుట్టూ తిరగవలసిన పని లేదు, విడత పడిన రోజున ఫోనుకు సందేశం వస్తుంది. కాబట్టి విజయం అంటే జమ అయిన ఖాతాల సంఖ్యేనని పథకాన్ని మెచ్చుకునేవారు, ఆ సంఖ్య ఇంకా పెరగాలని విమర్శించేవారు కూడా ఒకే కొలబద్దను చేతబట్టి మాట్లాడుతున్నారు. ఆ కొలబద్దే తప్పు. ఖాతాకు సొమ్ము చేరడమూ సేద్యానికి సొమ్ము చేరడమూ ఒకటి కావనీ, ఈ పథకం సొమ్మును సాగుకు కాక భూమి కాగితానికి ముడిపెట్టిందనీ చెప్పడానికి దేశంలో ఏ జిల్లానైనా ఉదాహరణగా తీసుకోవచ్చు గాని, కాగితం ఎలా పుట్టిందో, దాని కింది నేల ఏమైందో రెండూ కళ్లకు కట్టినట్టు కనిపించే చోటు అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల పల్లెలు.

ప్రత్యర్థి వాదంలో నిజం లేదనడం అన్యాయం. ఢిల్లీ నుంచి బయలుదేరిన రూపాయిలో పదిహేను పైసలే పేదవాడికి చేరుతున్నాయని 1985లో నాటి ప్రధాని రాజీవ్ గాంధీ అన్నమాట మూడు దశాబ్దాల పాటు ప్రతి చర్చలోనూ వినిపించిందంటే, ఆ మాట జనం అనుభవానికి అంత దగ్గరగా ఉంది కాబట్టే. నేరుగా నగదు బదిలీ, అంటే సొమ్మును శాఖల గుండా కాక ఆధార్‌తో ముడిపడిన ఖాతాకే పంపే పద్ధతి, ఆ మధ్య దారిలోని చేతివాటాన్ని చాలావరకు అరికట్టింది. ఎకరాల లెక్కన కాక కుటుంబానికింతని ఇవ్వడం కూడా ఈ పథకంలో మెచ్చుకోదగిన గుణమే. తెలంగాణలో 2018 మే 10న మొదలైన రైతుబంధు ఎకరానికి, పంటకాలానికి నాలుగు వేల రూపాయలతో ఆరంభమై, ఎలాంటి పరిమితీ లేకుండా ఎన్ని ఎకరాలుంటే అన్ని వేలు ఇచ్చింది గనుక, దానితో పోలిస్తే కేంద్ర పథకం సమానత్వానికి దగ్గరగా ఉంది. అయితే దారి శుభ్రంగా ఉన్నంత మాత్రాన చేరిన ఇల్లు సరైనదని రుజువు కాదు. దారిలో పోయిన పైసల గురించి ముప్పై ఏళ్లు మాట్లాడిన దేశం, గమ్యం ఎవరు నిర్ణయించారన్న ప్రశ్నను మాత్రం అడగకుండా వదిలేసింది.

గమ్యాన్ని నిర్ణయించింది పథకం మార్గదర్శకాల్లోని ఒక్క నిర్వచనం. ఆయా రాష్ట్రాల లేదా కేంద్రపాలిత ప్రాంతాల భూమి రికార్డుల ప్రకారం సాగుభూమి సొంతంగా ఉన్న భార్య, భర్త, మైనరు పిల్లలు కలిసి ఒక రైతు కుటుంబం. ఆ భూమి 2019 ఫిబ్రవరి 1 నాటికి వారి పేరున ఉండాలి. మొదట రెండు హెక్టార్ల లోపు వారికే పరిమితమైన పథకాన్ని అదే ఏడాది మే నెలాఖరున భూమి ఉన్న రైతులందరికీ విస్తరించారు. ఆదాయపు పన్ను కట్టేవారిని, నాలుగో తరగతి వారిని మినహాయించి మిగిలిన ప్రభుత్వోద్యోగులను, నెలకు 10,000 రూపాయలు, ఆపైన పింఛను తీసుకునేవారిని, వైద్యులు, న్యాయవాదుల వంటి వృత్తులవారిని తప్పించారు. ఈ నిర్వచనమంతటా దున్నడం, నాటడం, కోయడం అన్న క్రియల ప్రస్తావన లేదు. భూమి ఉండాలి, అది సాగుకు పనికివచ్చేదని రికార్డు చెప్పాలి, అంతే. కౌలుదారు, అంటే ఇతరుల భూమిని అద్దెకు తీసుకుని సొంత ఖర్చుతో, సొంత నష్టభయంతో సాగు చేసేవాడు, ఈ నిర్వచనం ముందు రైతే కాడు.

ఇక్కడే అండమాన్ చరిత్ర అక్కరకు వస్తుంది. మిగిలిన దేశంలో భూమి కాగితానికి వెనుక కొన్ని తరాల సాగు, వారసత్వం, కొనుగోలు, కబ్జా, అన్నీ కలగలిసి ఉంటాయి కాబట్టి పట్టాదారుకూ సేద్యగాడికీ ఏదో ఒక సంబంధం ఉంటుందని సరిపెట్టుకోవచ్చు. ఈ దీవుల్లో రైతును తయారుచేసింది ప్రభుత్వమే. 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో శిక్షా నివాసం ఏర్పడిన తరువాత, కొన్నేళ్ల శిక్ష సక్రమంగా అనుభవించిన ఖైదీకి సొంతంగా బతకడానికి అనుమతిచ్చి, నేల చూపించి సాగు చేసుకోమన్నారు. ఆ నేల మాత్రం సర్కారుదే. స్వాతంత్ర్యం వచ్చాక 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థులను ఓడల్లో తెచ్చి, కుటుంబానికి పదెకరాల చొప్పున, ఐదెకరాలు వరికి పనికివచ్చే పల్లపు నేల, ఐదెకరాలు కొండవాలు, కేటాయించారు. ఫెరార్‌గంజ్ తహసీలులోని పల్లెలు మొదలుకొని ఉత్తరాన దిగ్లిపూర్ దాకా, నీల్, హేవ్‌లాక్ దీవుల్లోనూ ఈ పద్ధతే అడవిని పల్లెలుగా మార్చింది. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేకు 1969 తరువాత మాజీ సైనికులను పంపారు. ఎవరు ఏ పథకం కింద, ఏ ఏడాది, ఏ ఓడ దిగారన్నదే ఎవరి పేరు రికార్డులో ఎక్కాలో నిర్ణయించింది. 1966 నాటి భూమి రెవెన్యూ, భూసంస్కరణల నిబంధన ఆ జాబితాకు చట్టరూపం ఇచ్చింది.

జాబితాలో చోటు దొరకనివారు కూడా అదే అడవిని నరికి, అదే మట్టిని తవ్వినవారే. 1918 నుంచి ఛోటానాగపూర్ ప్రాంతం నుంచి అటవీశాఖ పనులకు తెచ్చిన ఆదివాసులు, దీవుల్లో అందరూ రాంచీవాళ్లు అని పిలిచేవారు, రోడ్లూ దుంగలూ మోసిన తరువాత ఖాళీ నేల కనిపించిన చోట గుడిసె వేసుకుని నాట్లు వేశారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చిన తెలుగువారు 2011 జనగణన నాటికి దీవుల జనాభాలో ఎనిమిదో వంతుకు పైగా ఉన్నారు గాని, వారిలో అత్యధికులు పునరావాస పథకాల కింద వచ్చినవారు కారు. రేవు పనికి, నిర్మాణపు పనికి, చేపల వేటకు తమంతట తాము వచ్చి జంగ్లీఘాట్ వంటి చోట్ల స్థిరపడినవారు. వీరిలో భూమి వైపు మళ్లినవారికి మిగిలింది రెండు దారులే: మాటమీద కౌలు, లేకపోతే అటవీ సరిహద్దు మీద ఆక్రమణ. రాతకోతలు లేని కౌలును చూడటానికి రెవెన్యూ రికార్డుకు కళ్లు లేవు. ఆక్రమణకు 1978ని గీటురాయిగా పెట్టి, అంతకు ముందువారికి క్రమబద్ధీకరణ, తరువాతివారికి తొలగింపు అన్నారు. దీవుల అడవులపై తాను నియమించిన శేఖర్ సింగ్ కమిషన్ సిఫార్సులను ఆమోదిస్తూ 2002 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఆ గీతను మరింత గట్టిపరిచింది. పోనీ, 2006 అటవీ హక్కుల చట్టం ఆదుకుంటుందా అంటే, షెడ్యూల్డు తెగలకు చెందని అటవీ నివాసులు 2005 డిసెంబరు 13 నాటికి మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అక్కడున్నట్టు చూపాలి. 1950ల్లోనో 1960ల్లోనో ఓడ దిగిన కుటుంబం అది ఎన్నటికీ చూపలేదు.

దీన్నిబట్టి తేలేదేమిటి? పట్టా ఈ దీవుల్లో ఎవరు సేద్యం చేస్తున్నారో చెప్పే పత్రం కాదు. డెబ్బై ఏళ్ల కిందట పునరావాసానికి ఎవరు ఎంపికయ్యారో చెప్పే పత్రం. దానిలో తప్పేమీ లేదు, శరణార్థికి నేల ఇవ్వడం న్యాయమే. ఆ పత్రాన్ని 2019లో బయటికి తీసి, నేటి రైతు ఎవరో ఇది చెబుతుందనడమే తప్పు. మొదటి తరం దున్నింది. రెండో మూడో తరాల్లో చదువుకున్నవారు ప్రభుత్వ కొలువుల్లోకి, వ్యాపారాల్లోకి వెళ్లారు. పోర్ట్ బ్లెయిర్‌కు దగ్గరలోని పల్లపు భూములకు ఇళ్ల స్థలాల గిరాకీ వచ్చింది. అలాంటి కుటుంబంలో భూమి ఉద్యోగం లేని అన్నదమ్ముడి పేరున ఉంటే విడత పడుతుంది, ఆ నేలలో వేసవి కూరగాయలు పండించే కౌలుదారుకు పడదు. ఇద్దరిలో ఎవరూ మోసం చేయలేదు. నిబంధన తు.చ. తప్పకుండా అమలైంది. అమలు ఎంత నిర్దోషంగా ఉంటే ఫలితం అంత వంకరగా ఉండటం ఈ పథకపు ప్రత్యేకత.

కాగితం కింది నేల సంగతి మరీ విచిత్రం. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో అండమాన్ దీవుల ఉత్తరభాగం పైకి లేచింది, దక్షిణ అండమాన్ దాదాపు ఒక మీటరు కుంగింది. సునామీ అల వచ్చి వెనక్కి పోయింది గాని, కుంగిన నేల మళ్లీ లేవలేదు కాబట్టి, అప్పటిదాకా కట్టల వెనుక భద్రంగా ఉన్న వరిమళ్లలోకి సముద్రం పోటు వచ్చినప్పుడల్లా రావడం మొదలుపెట్టింది. పోర్ట్ బ్లెయిర్ నుంచి కొద్ది దూరంలోని సిప్పీఘాట్ దీనికి అందరూ చూడగలిగే సాక్ష్యం. ఒకప్పుడు నాట్లు వేసిన మళ్లలో ఇప్పుడు ఉప్పునీరు నిలిచి ఉంటుంది. తలలు రాలిపోయిన కొబ్బరి మోళ్లు చాలాకాలం ఆ నీటిలో నిలబడి ఉండేవి. గట్లు మునిగి, వాగు ముఖద్వారం వెడల్పై, వరి ఉన్నచోట మడచెట్లు మొలిచాయి. నేడు ఆ నీటి అంచుకు బైనాక్యులర్లతో పిట్టలను చూడటానికి వచ్చేవారే ఎక్కువ. ఓగ్రాబ్రాజ్, మీఠాఖాడీ, వండూర్ వైపు కూడా ఇదే కథ, ఎక్కువతక్కువలే తేడా. గరాచర్మలోని కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఉప్పును తట్టుకునే వరి రకాలను, నేలను ఎత్తైన మడులుగా లోతైన కాలువలుగా మలచి మడుల మీద కూరగాయలు, కాలువల్లో చేపలు పెంచే పద్ధతిని ముందుకు తెచ్చింది; అది నిజమైన వ్యవసాయ సహాయం, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. రికార్డు ఆధారంగా నడిచే పథకానికి మాత్రం నేల మునిగిందా తేలిందా అన్నది పట్టదు. రికార్డు సవరించేదాకా ఆ సర్వే నంబరు సాగుభూమే. సముద్రం అడుగున ఉన్న మడి యజమాని అర్హుడు, పక్కనే కొండవాలున మెరక నేల కౌలుకు తీసుకుని పోకమొక్కల మధ్య అల్లం, అరటి వేసుకున్నవాడు అనర్హుడు.

దీనికి వచ్చే మొదటి సమాధానం, అధికారులూ ఆర్థికవేత్తలూ కలిసికట్టుగా చెప్పేది, కాగితం తప్ప మరో రుజువు లేదన్నది. కాగితాన్ని వదిలేస్తే ప్రతివాడూ రైతునంటాడు, పథకం పక్కదారి పడుతుంది అంటారు. ముందుగా చెప్పవలసింది ఏమిటంటే, కాగితం ఉండగానే పక్కదారి పట్టింది. సమాచార హక్కు చట్టం కింద వ్యవసాయ మంత్రిత్వశాఖ ఇచ్చిన జవాబు ప్రకారం 20.48 లక్షల మంది అనర్హులకు 1,364 కోట్ల రూపాయలు చెల్లించారని 2021 జనవరిలో వెల్లడైంది. వారిలో సగానికి పైగా ఆదాయపు పన్ను కట్టేవారే. ఈ అంకె బయటపడింది కాబట్టి వసూళ్ల నోటీసులు వెళ్లాయి, ఆధార్ ద్వారా వ్యక్తిని మళ్లీ ధ్రువీకరించే ఈ-కేవైసీ తప్పనిసరైంది, పత్రికలు సంపాదకీయాలు రాశాయి. రావలసి ఉండి రానివారి సంఖ్య ఎంతో చెప్పే రిజిస్టరు మాత్రం ఏ కార్యాలయంలోనూ లేదు, ఎందుకంటే నిర్వచనం ప్రకారం వారు లేనేలేరు. తప్పుగా ఇచ్చిన రూపాయి లెక్కకు వస్తుంది, తప్పుగా ఇవ్వని రూపాయి లెక్కకు రాదు. ఈ ఒంటికంటి లెక్కే నేరు బదిలీకి అంతటి కీర్తి తెచ్చింది.

ఇక మరో రుజువు లేదన్నది అసలు నిజమే కాదు. మణిపూర్ కొండ జిల్లాల్లో భూమి వ్యక్తుల పేరున ఉండదు కాబట్టి, ఫలానా కుటుంబం ఫలానా నేలను సాగు చేసుకోవచ్చని గ్రామ పెద్ద ఇచ్చే ధ్రువపత్రాన్ని ఇదే పథకం అంగీకరించింది. జార్ఖండ్‌లో రికార్డులు తాతల పేర్ల మీదే ఆగిపోయాయి గనుక వంశవృక్షాన్ని అంగీకరించింది. అంటే అవసరమనుకున్నచోట కేంద్రం పట్టాను పక్కన పెట్టగలదు, పెట్టింది కూడా. మిగిలిన కేంద్ర పథకాలు చూస్తే వైరుధ్యం మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: పంటల బీమాలో కౌలుదారు అర్హుడు, కిసాన్ క్రెడిట్ కార్డు నియమాల్లో మాటమీద కౌలు చేసేవాడూ, పాలు పంచుకునే సాగుదారూ అర్హులు. అప్పు ఇచ్చేటప్పుడు, బీమా ప్రీమియం తీసుకునేటప్పుడు రైతైనవాడు, సాయం చేసేటప్పుడు మాత్రం రైతు కాకుండా పోతున్నాడు. స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన జాతీయ రైతు కమిషన్ ముసాయిదా నుంచి పుట్టిన 2007 జాతీయ రైతు విధానం రైతు అన్న నిర్వచనంలో కౌలుదారులను, వ్యవసాయ కూలీలను, పోడు చేసే గిరిజన కుటుంబాలను, చివరికి మత్స్యకారులను కూడా చేర్చింది. ఆ నిర్వచనాన్ని ఎవరూ రద్దు చేయలేదు, పాటించలేదు, అంతే. దాన్ని పాటిస్తే జంగ్లీఘాట్ పడవ రేవులో వల బాగుచేసుకునే తెలుగు మత్స్యకారుడు కూడా ఈ చర్చలోకి వస్తాడు. ఆ సంగతి వేరే వ్యాసానికి తగినది.

రాష్ట్రాల అనుభవం కూడా ఉంది. పశ్చిమ బెంగాల్ 1978 నుంచి ఆపరేషన్ బర్గా పేరుతో పాలు సాగుదారులను ఊళ్లలోనే బహిరంగంగా విచారించి నమోదు చేసింది. ఆ నమోదు ఉండబట్టే దాదాపు నలభై ఏళ్ల తరువాత అక్కడి కృషక్ బంధు పథకం వారికీ డబ్బు ఇవ్వగలిగింది. ఒడిశా కాలియా పథకంలో భూమిలేని వ్యవసాయ కుటుంబాలను చేర్చింది. ఆంధ్రప్రదేశ్ 2011లో సాగుదారులకు రుణార్హత కార్డుల చట్టం తెచ్చి, 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం చేసి, పదకొండు నెలల కార్డులు ఇచ్చింది. ఈ చివరి ఉదాహరణ దాచకుండా చెప్పుకోవలసిన పాఠం కూడా నేర్పుతుంది: కార్డుకు భూయజమాని సంతకం కావాలన్నారు, సంతకం పెడితే భూమి పోతుందన్న భయంతో యజమాని వెనకాడాడు, కౌలు వాటా దేశంలోనే అత్యధికంగా ఉన్న రాష్ట్రంలో కార్డులు కౌలుదారులలో చాలామందికి అందకుండానే పోయాయి. కాబట్టి గుర్తింపు యజమాని దయ మీద ఆధారపడకూడదు. పొలంలో పంట ఉన్నప్పుడు, పక్క పొలాలవారి ఎదుట, పంచాయతీ చేసే తనిఖీ మీద ఆధారపడాలి. నాలుగు లక్షల లోపు జనాభా, మొత్తం విస్తీర్ణంలో ఆరు శాతానికి మించని సాగు నేల ఉన్న దీవుల్లో, ఎవరు ఏ మడి దున్నుతున్నారో ఊరందరికీ తెలిసిన చోట, ఇది చేతకాని పని అనడం నమ్మశక్యంగా లేదు.

రెండో సమాధానం కాస్త సూక్ష్మమైనది: యజమానికి సొమ్ము ఇచ్చినా పోటీ వల్ల కౌలు తగ్గి, ప్రయోజనం చివరకు సాగుదారుకే చేరుతుంది కదా అని. సిద్ధాంతం ఎలా ఉన్నా చరిత్ర దీనికి ఎదురు సాక్ష్యం ఇస్తోంది. అమెరికాలో 1933 మేలో వచ్చిన వ్యవసాయ సర్దుబాటు చట్టం పత్తి విస్తీర్ణం తగ్గించినందుకు డబ్బు ఇచ్చింది. ఒప్పందం భూస్వామితో, చెల్లింపులో సింహభాగం భూస్వామికి. పాలు సాగుదారుకు వాటా ఇవ్వాలన్న నియమం ఉంది గాని, సాగుదారే లేకపోతే వాటా ఇవ్వనక్కరలేదు కదా! దక్షిణాది పత్తి భూముల్లో వేలాది కుటుంబాలను ఖాళీ చేయించారు. ఆర్కన్సా రాష్ట్రంలోని పాయిన్సెట్ కౌంటీలో, కౌంటీ అంటే అక్కడి స్థానిక పాలనా విభాగం, టైరోంజా అనే చిన్న ఊరిలో 1934 జులైలో నల్లవారూ తెల్లవారూ కలిసి దక్షిణాది కౌలు రైతుల సంఘం పెట్టుకున్నది ఈ కారణంగానే. కౌలుదారులను పొలంలోనే ఉంచాలని ఒప్పందానికి అర్థం చెప్పిన న్యాయ విభాగం అధికారులను 1935 ఫిబ్రవరిలో ఉద్యోగాల నుంచి తొలగించారు. తెలంగాణ అనుభవం ఇంత క్రూరం కాదు గాని, పాఠం అదే: సాగులో లేని భూములకు కూడా రైతుబంధు పడుతోందన్న విమర్శ బలపడి, 2025 జనవరిలో రైతు భరోసా మార్గదర్శకాల్లో సాగుకు పనికిరాని భూములను తొలగించవలసి వచ్చింది, భూమిలేని కూలీ కుటుంబాలకు విడిగా ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పేరుతో ఏడాదికి 12,000 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. యజమాని నుంచి ప్రయోజనం తానే కిందికి జారుతుందన్న నమ్మకం నిజమైతే ఈ రెండో పథకం అవసరమయ్యేది కాదు.

కాగితం, విస్తీర్ణం, వ్యక్తి అనే మూడు కొలతలనూ సరిపడని సమాజం మీద రుద్దితే ఏమవుతుందో నికోబార్ దీవులు అంతకు ముందే చూపించాయి. నికోబారీలలో కొబ్బరితోట తుహెత్‌ది, అంటే కొన్ని కుటుంబాలు కలిసిన ఉమ్మడి వంశానిది. ఎవరి చెట్టు ఎవరిదన్న లెక్క రెవెన్యూ పుస్తకంలో లేదు, 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన కింద ఆ నేల రిజర్వు. సునామీ తరువాత నష్టపరిహారాన్ని విస్తీర్ణాన్ని బట్టి లెక్కగట్టి, పంచి, వ్యక్తుల పేరున చెక్కులు రాసినప్పుడు కొందరికి రెండు రూపాయల చెక్కులు అందాయని పత్రికల్లో వచ్చింది. ఆ చెక్కు రాసిన గుమాస్తా లెక్క తప్పి ఉండడు. నిబంధన ప్రకారం హెక్టారుకు ఇంత, వాటాకు వచ్చిన నేల ఇంత, కాబట్టి రెండు రూపాయలు. దళారీ లేడు, లంచం లేదు, సొమ్ము నేరుగా లబ్ధిదారు చేతికే అందింది. నేరు చెల్లింపే న్యాయమని నమ్మేవారు ఆ చెక్కును ఏ ఖాతాలో రాసుకుంటారో చెప్పవలసి ఉంది.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం అడవి తరఫున వచ్చేది. ఆక్రమణదారుకు వ్యవసాయ సాయం ఇస్తే అడవి నరికినందుకు బహుమానం ఇచ్చినట్టవుతుంది, రేపు ఇంకొకడు నరుకుతాడు. వానకు కొట్టుకుపోయే పలుచని మట్టి, జారావా తెగ రిజర్వు పక్కనే ఉన్న దీవుల్లో ఇది చిన్న విషయం కాదు. ఈ వాదాన్ని తేలికగా తీసిపారేసేవారు ఆ కొండవాలున ఒక్క వానకాలం కూడా చూడనివారే. అందుకే 1978 తరువాతి అటవీ ఆక్రమణకు ఎకరం లెక్కన గాని, భూమి పేరు చెప్పి గాని సొమ్ము ఇవ్వకూడదన్నది సమంజసం. కాని ఈ అభ్యంతరాన్ని అడ్డం పెట్టుకుని రెవెన్యూ భూమి మీది కౌలుదారును కూడా బయటే నిలబెట్టడం ఎందుకు? అతడు ఒక్క చెట్టూ నరకలేదు. పట్టా ఉన్న పొలంలోనే పంట వేశాడు. సాగుదారు గుర్తింపు భూమి హక్కుకు సాక్ష్యం కాదని, ఏ కోర్టులోనూ పనికిరాదని ఉత్తర్వులోనే రాస్తే యజమాని భయమూ తీరుతుంది, అటవీశాఖ భయమూ తీరుతుంది.

దీవుల రైతును ప్రభుత్వం అతిగా గారాబం చేస్తోందనీ, బియ్యం, ఉల్లి, బంగాళాదుంప చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా ఓడల్లో వస్తున్నప్పుడు ఇక్కడి సేద్యానికి డబ్బు ఇవ్వడమే దండగనీ అనేవారూ లేకపోలేదు. ప్రధాన భూమి నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా సముద్రం దాటి వచ్చే ఎరువు, విత్తనం, పనిముట్టు ఎంత ధర పలుకుతాయో, దీవి నుంచి దీవికి కూరగాయ మోసే పడవ రద్దైన రోజు నీల్ దీవి రైతు టమాటా ఏమవుతుందో చూస్తే, అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నది వీరి కోసమే పుట్టిన సామెత అనిపిస్తుంది. గోరఖ్‌పూర్‌కూ సిప్పీఘాట్‌కూ ఒకటే 6,000 రూపాయలు. 2019లో నిర్ణయించిన ఆ మొత్తం ఆరేళ్లు గడిచినా మారలేదు. ఇది గారాబమైతే నెలకు ఐదు వందల గారాబం.

ఈ వాదన ఇప్పుడే చేయవలసిన కారణం ఒకటుంది. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. దాని కింద ప్రతి రైతుకూ భూమి రికార్డుతో ముడిపడిన గుర్తింపు సంఖ్య ఇస్తారు, సమ్మాన్ నిధికి కొత్తగా దరఖాస్తు చేసేవారికి కొన్ని రాష్ట్రాల్లో ఆ సంఖ్యను తప్పనిసరి చేశారు. నేడు పట్టా లేనివాడికి పోయేది ఏడాదికి 6,000 రూపాయలు మాత్రమే; రేపు ఎరువుల రాయితీ, అప్పు, బీమా, ధాన్యం కొనుగోలు అన్నీ అదే సంఖ్యను అడిగితే, ఇంతకాలం తలుపు సందుగా మిగిలిన క్రెడిట్ కార్డు, బీమా నియమాలు కూడా మూసుకుపోతాయి. 2024 సెప్టెంబరులోనే శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఆ రిజిస్టరును ఏ జాబితా నుంచి నింపుతారన్నది తేలవలసిన విషయం. 1949 తరువాతి కేటాయింపుల పుస్తకం నుంచా, లేక ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ నమోదు చేస్తున్నట్టు, పంట నిలబడి ఉన్నప్పుడు పొలానికి వెళ్లి, యజమాని పేరు పక్కన సాగుదారు పేరుకు కూడా ఒక గడి పెట్టి నింపుతారా? ఆ గడి పెట్టడానికి కొత్త చట్టం అక్కరలేదు, ఒక పరిపాలనా ఉత్తర్వు చాలు. దీర్ఘకాలపు వరి కోతకు వచ్చే డిసెంబరు, జనవరి నెలల్లో ఫెరార్‌గంజ్ తహసీలు పంచాయతీలు ఒక్క విడత తిరిగితే మొదటి జాబితా సిద్ధమవుతుంది.